మా కార్పెట్ గడప దాటదు

"ఎవరేమన్నా సరే, మా కార్పెట్ గడప దాటదు. దాటిందా, దాని వెనకే నేనూ దాటతా. మా ఆవిడ మొహం మీదే చెప్పి వచ్చా!"

బస్సు డ్రైవర్ టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. టీకొట్టు ఆయనా, పక్క షాపు టైలరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇంతకీ అది చేసిన నేరం ఏమిటండీ?" అన్నాడు టైలర్.

"నేరమా? కొత్త కార్పెట్ అన్నాక కాస్త నూగు రాలదా? సాక్సుల నిండా ఎర్ర నూగట, మంచినీళ్ళ గ్లాసులో ఎర్ర నూగట. సాయంత్రంలోగా ఆగకపోతే షాపుకి తిరిగిచ్చేస్తానంది. బ్రేకుల్లేని బస్సును కొండ దారిలో ఆపినవాణ్ణి, నూగు ఆపలేనా? వ్యాక్యూమ్ క్లీనర్ తీశా. దానికి గిరగిరా తిరిగే బ్రష్షు ఒకటుంటుంది, అది తగిలించి టాప్ గేర్లో లాగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషన్ సంచి నిండిపోయింది. దిండు గలేబులో కూరా, నిండింది. పరుపు కుట్టా, అదీ నిండింది!"

"పరుపా? నాకు ఒక్క మాట చెప్పలేదే!" అన్నాడు టైలర్.

"అంత పెద్ద సూది నీ దగ్గరెక్కడిదయ్యా? సరే, గాలాడుతుందని కిటికీ తెరిచా. నూగంతా మేఘమై లేచింది. పట్టపగలు వీధి దీపాలు వెలిగాయి, మా డిపోలో బస్సులన్నీ హెడ్‌లైట్లు వేసుకున్నాయి!"

"మేమూ ఈ వీధిలోనే ఉన్నాం కదా, మాకు కనబడలేదేం?" అన్నాడు టీకొట్టు ఆయన.

"చీకట్లో ఎలా కనబడుతుంది? వినండి. కార్పెట్ మధ్యలో ఒక పోగు తలెత్తి నన్నే చూస్తోంది. ఒళ్ళు మండి పట్టుకు లాగా. వస్తోంది. డిపో దాటా, వంతెన దాటా, ఊరు దాటా, వస్తూనే ఉంది. పక్క ఊరివాళ్ళు దాని మీద బట్టలు ఆరేసుకున్నారు. ఊరంతా చుట్టి పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకొచ్చి చూద్దును కదా, కార్పెట్ అంగుళం తగ్గలేదు!"

"మరి గడప దాటినట్టేగా?"

"దాటింది పోగు. కార్పెట్ కాదు. ఇక నాకు తిక్క రేగింది. దాని మీద నిలబడి, 'ఇంకొక్క పోగు రాల్చావో, నిన్ను కాళ్ళు తుడుచుకునే పట్టా చేసేస్తా' అని ఒక్క అరుపు అరిచా. గజగజా వణికింది! ఆ అరుపుకి వీధిలో చెట్ల ఆకులు రాలడం మానేశాయి, గోడల సున్నం రాలడం మానేసింది, జనం తలల మీద జుట్టు రాలడం మానేసింది!"

టైలర్ డ్రైవర్ నున్నటి బట్టతలకేసి చూశాడు. "మరి ఇదో?"

"ఇది అంతకుముందు రాలింది!"

అంతలో డ్రైవర్ బావమరిది సైకిల్ దిగాడు. "బావగారూ, కార్పెట్ గడప దాటదట. అక్క చెప్పి రమ్మంది."

"విన్నారా! అదీ నా అరుపు దెబ్బ!"

"అరుపు కాదు బావగారూ. మీరిటు రాగానే అక్క ఆ బ్రష్షు పీకేసి, ఒట్టి గొట్టంతో నూగు వాలినవైపే మెల్లగా లాగింది. మీరు పీకి వదిలేసిన పోగుల్ని కత్తెరతో మట్టంగా కత్తిరించింది. ఇప్పుడు చేత్తో రుద్దినా పెద్దగా ఏమీ రాలడం లేదు. రోజూ ఇలాగే చేస్తే పూర్తిగా ఆగిపోతుందట. కాకపోతే..."

"కాకపోతే?"

"అప్పటిదాకా మీరు హాల్లో అడుగు పెట్టకూడదట. మీ పక్క వరండాలో వేసింది."

టీకొట్టు ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయితే గడప దాటింది మీరన్నమాట!" అన్నాడు టైలర్.

డ్రైవర్ ఛాతీ విరుచుకుని లేచాడు. "నవ్వండి, నవ్వండి! కార్పెట్ వెనక దాటతానన్నా. అది దాటలేదు, నేను ముందే దాటా. ఒకరి వెనక నడిచే రకం కాదు నేను!"

తర్వాత బావమరిది చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "దిండు పెట్టిందా?"

"పెట్టింది బావగారూ. మీరు నూగు కూరారు కదా, అదే."