కుక్కలు వెంటపడ్డ వ్యాను

బాబాయ్, డీజిల్ చవకని నీకెవరు చెప్పారు? బంకులో మీటరా? ఆ మీటరు ఎవరి తరఫున మాట్లాడుతుందో ఎప్పుడైనా అడిగావా?

ఉండు, నవ్వకు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది, వాదన పాడవుతుంది. సాయంత్రంలోగా నీ షెడ్డు ఖాళీ చెయ్యమన్నావు. చేస్తాను. ముందు నేను చెప్పేది విను.

మొదటి బ్యాచ్ డీజిల్ కాబోయి సబ్బయింది, నిజమే! మా కాలేజీ క్యాంటీన్లో వాడేసి పారబోసే నూనె తెచ్చాను, వడకట్టాను, మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి వేడి చేశాను. చివర్లో నీళ్లతో మెల్లగా కడగాలి. మెల్లగానా, నేనా? డబ్బా మూత బిగించి గిలకొట్టేశాను! ఇంధనం కాస్తా నురగై కూర్చుంది. పారబొయ్యడానికి మనసొప్పక పిన్ని దాంతో గచ్చు కడిగింది. గచ్చు అద్దంలా మెరిసింది. జారిపడింది నువ్వు. దానికీ నేనేనా దోషిని?

ఏంటా చూపు? రెండో బ్యాచ్ తేనెరంగులో తేటగా వచ్చింది, చూశావుగా!

"లీటరుకి ఎంత పడింది, అది చెప్పు" అంటావు. అంతేగా? నా లీటరులో మిథనాల్ ఉంది, కరెంటు ఉంది, బస్సులో డబ్బాలు మోసుకొచ్చిన నా భుజం ఉంది. మరి నీ లీటరులో? భూమి యుగాలపాటు దాన్ని వండిపెడితే ఎవరైనా కూలి ఇచ్చారా? నీ వ్యాను పొగకి పిన్ని దగ్గుతుందే, ఆ దగ్గుమందు ఏ బంకువాడు కొనిపెడుతున్నాడు? ఆఁ, ఇప్పుడు తల గోక్కో!

సరే బాబాయ్... నీ దగ్గర దాచడమెందుకు. ఇంత వాదించాక కూడా నా లీటరే ఖరీదు. నా చాకిరీకి సున్నా వేసుకున్నా ఖరీదే. చప్పట్లు కొట్టకు! నూనె ఊరికే వస్తోంది, దాన్ని డబ్బా డబ్బాగా మోసుకురావడానికే తడిసి మోపెడవుతోంది. మన ఊళ్లో ఇన్ని హోటళ్లు, అందరూ ఆ నూనె మురిక్కాలవలో పోస్తున్నారు. ఒక్క వ్యాను ఉంటే, ఒక్కసారి తిరిగొస్తే, పీపాలు నిండిపోవూ? అప్పుడైనా నా లీటరు ధర బంకు డీజిల్ కంటే దిగుతుందా అంటే ఒట్టు వెయ్యలేను. దాని పక్కన నిలబడి కొట్లాడుతుంది మాత్రం.

ఏ వ్యానా? ఇంకేది!

ఇంజిన్ ఇవాళ హాయిగా నడుస్తోందని పొద్దున నువ్వే అన్నావు. వీధికుక్కలన్నీ తోకలూపుకుంటూ నీ వెనకే పరిగెత్తాయని తిట్టుకున్నావు కూడా. వాటికి వేపుడు వాసన కొట్టింది బాబాయ్! ట్యాంకులో సగం నాదే.

కోప్పడేదేదో దారిలో కోప్పడు. ఖాళీ పీపాలు ఎక్కించేశాను. లే, తాళం తిప్పు.