ఖాళీ కనబడకూడదు

హలో… ఆ, నేనేనయ్యా ఫెర్గస్, నోరీన్‌ని. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి.

…ఆ, ఆస్పత్రిలోనే. రోజు విడిచి రోజు ఇదేగా నా కచేరీ. రక్తం కడిగే మిషను పక్కనే గురగురమంటోంది, వినబడుతోందా? ఎడం చేతికి సూదులు, కుడి చేతికి నువ్వు.

…తెలుసు, తెలుసు. కొత్త వెబ్‌సైటు నడిపే సాఫ్ట్‌వేరు, ఆ సీఎమ్మెస్, ఏదో ఇవాళ తేల్చుకుందామనేగా అనుకున్నాం. మూడిట్లో ఒకటి. మర్చిపోలేదు. కానీ అంతకంటే ముందు—

…ఆగు. ఆగు నాయనా. ఆ పేరెత్తకు!

…అవును, మా ఆర్ట్ సెంటర్లో కూర్చునే మేనకోడలి పేరే. అది నిక్షేపంలా ఉంది, కంగారు పడకు. కానీ ఇవాళ్టి నుంచి దాన్ని ఆ పేరుతో పిలవడానికి లేదు.

…ఎందుకంటే… ఆ పేరే ఉన్న మనిషి ఇంకొకరు, ఇవాళ పొద్దున పోయారు.

…చెప్పను. చెప్పకూడదు. నీకు ముందు ఈ పని చూసిన అమ్మాయికి తెలుసు ఇదంతా. నువ్వు కొత్తగా. మా ఆదివాసీల్లో మనిషి పోతే పేరు కూడా మనిషితోపాటే పోతుంది. ఏళ్ళ తరబడి. ఎవరూ అనకూడదు. ముఖం ఎక్కడా కనబడకూడదు. అదే పేరున్న వాళ్ళుంటే వాళ్ళకీ ఆ పేరు ఉండదు. అందుకని మా మేనకోడల్ని ఇకమీదట కుమన్‌జాయి అను. పేరు పోయిన వాళ్ళని మావైపు అలాగే అంటాం.

…కుమన్‌జాయి. ఆ, బాగానే పలికావు. దాని లాగిన్ పేరు కూడా మార్చాలి. కానీ మధ్యాహ్నం దాకా దానికి ఫోన్ చెయ్యకు. మెయిలూ వద్దు. దానికింకా తెలీదు.

…చెప్తా, చెప్తా. ముందు మన సైటు తెరువు. ఇప్పుడు నడుస్తున్న పాతదే. మొదటి పేజీలో బొమ్మలేసే మా అందరి ఫొటోలూ వరసగా ఉన్నాయి చూడు. నా పక్కన, ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతోందే—

ష్! అనొద్దన్నానా! కళ్ళతో చూసుకో, చాలు. నోటితో వద్దు.

…ఆ. తనే.

…నా చెల్లెలు. పిన్ని కూతురు. మా లెక్కలో సొంత చెల్లెలే. ఇక్కడ నా పక్క కుర్చీ తనది. మొన్న కూడా ఇందులో కూర్చునే నా మీద ఎగిరింది, కంగారూ తోకలో మెత్తటి ముక్క నేను నొక్కేశానని. ఇవాళ వచ్చేసరికి ఆ కుర్చీకి ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

…సరే నాయనా. సరే. ఏడుపు తర్వాత ఏడుస్తా. ముందు నువ్వు ఆ ఫొటో తీసెయ్యి.

…తొందరెందుకంటే, మా పిన్ని ఉందిగా, తన తల్లి. అక్కడ మా ఊళ్ళో, కార్టర్ బోర్‌లో ఉంటుంది. ఇక్కణ్ణుంచి కార్లో సగం రోజు ప్రయాణం. మిషను కోసం కూతురు ఊరొదిలి వచ్చేసిందాయె. అందుకని రోజూ పొద్దున్నే ఆర్ట్ సెంటర్‌కి వెళ్ళి, మా మేనకోడలి చేత సైటు తెరిపించుకుని కూతురి ముఖం చూసుకుంటుంది. తిన్నావా అని అడుగుతుంది కూడా. వెర్రి తల్లి.

…లేదు, పిన్నికీ తెలీదు. ఫోన్లో చెప్పే కబురా ఇది? చెప్పాల్సిన వరస వాళ్ళు వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాలి. మా బావ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కార్లో బయల్దేరారు. మధ్యాహ్నానికి చేరతారు. కబురు విన్నాక ఆ తల్లికి ఆ ముఖం కనబడకూడదు, అంతే. అర్థమైందా?

…ఏమిటీ? సోమవారమా?

…ఎవరి అనుమతి? మీ పై ఆయన సెలవులో ఉంటే మాకేమిటయ్యా! మా ఫొటో, మా మనిషి, మా సైటు. పీకెయ్యడానికి మాత్రం అడిలైడ్‌లో ఎవడో సంతకం పెట్టాలా? చావు సోమవారం దాకా ఆగిందా, మీ ఆఫీసు ఆగడానికి?

…అరుస్తున్నానా? అరుస్తాను. ఇక్కడ నర్సు కూడా చూస్తోంది, బీపీ పెరిగిందని. పెరగనీ.

…

…నువ్వే తీస్తావా? నిజంగా? నీ మీదకి మాట రాదు కదా?

…సరే. నీ మేలు మర్చిపోను. తియ్యి. నేను లైన్లోనే ఉన్నా.

…

…అయిపోయిందా? అప్పుడే? అమ్మయ్య.

…ఇప్పుడు ఆ చోట ఏముంది?

…ఏం లేదంటే?

…తెల్లగా. అంటే ఇటు నేను, అటు డెల్మా, మధ్యలో తెల్లటి గడి.

…అయ్యో. ఫెర్గస్, అయ్యయ్యో, ఎంత పని జరిగింది! అలా ఖాళీ ఉంచకు!

…కాదు నాయనా, మాకు ఖాళీ అంటే ఒకటే అర్థం. మా ఇళ్ళల్లో నిన్నటి దాకా గోడ మీదున్న ఫొటో ఇవాళ లేదంటే ఎవరూ ఏమైందని అడగరు. చంటిపిల్లలకి కూడా తెలుసు. పిన్ని గనక ఇప్పుడు తెరిచి చూసిందంటే, కారు చేరకముందే—

…వద్దు, మళ్ళీ పెట్టకు. మొత్తం మూసెయ్యి. సైటు మొత్తం. మరమ్మతు జరుగుతోందని రాసెయ్యి. అప్పుడు అందరం పోయినట్టే ఉంటుంది, ఏ ఒక్కరో అని తెలీదు.

…నాకు తెలీదా ఏంటి, సిడ్నీలో మన బొమ్మల ప్రదర్శన ఇవాళే మొదలు! వచ్చినవాళ్ళు సైటు చూడకపోతే మానె. మూసెయ్యవయ్యా బాబూ!

…మూశావా? ఒట్టు?

…ఎంతసేపుంది ఆ ఖాళీ?

…కాసేపే. సరే. కాసేపే కదా. ఈ వేళకి పిన్ని ఇంకా బయట ఎండలో కూర్చుని టీ తాగుతూ ఉంటుంది. రెండు కప్పులు తాగందే లోపలికి రాదు. అవును, ఇంకా తాగుతూనే ఉంటుంది…

…ఉండు. నర్సమ్మ వార్డు ఫోను పట్టుకొస్తోంది. ఆర్ట్ సెంటర్ నుంచట. నువ్వు పెట్టెయ్యకు. ఏం మాట్లాడకు.

హలో… ఆ, అత్తనే. చెప్పమ్మా.

…సైటు పన్జెయ్యట్లేదా. ఆ, మరమ్మతు… అంతకుముందా?

…అంతకుముందు తెరిచావా. నాయనమ్మ పక్కనే ఉందా.

…చూసింది.

…ఏమంది?

… లేచి… ఆ… బయటికెళ్ళి నేలమీద కూర్చుంది. దుమ్ము తీసి నెత్తిన పోసుకుంటోంది.

…అవునమ్మా. నిజమే. ఇవాళ పొద్దున.

…ఏడు తల్లీ. ఏడు. నేను ఇక్కడ కట్టేసినట్టు పడున్నాను, లేకపోతే వచ్చి నీ పక్కనే ఉండేదాన్ని. నువ్వెళ్ళి నాయనమ్మ పక్కన కూర్చో. చెయ్యి పట్టుకో. ఏం చెప్పకు, ఏం అడక్కు. మీ మామయ్య వాళ్ళు దారిలో ఉన్నారు. వాళ్ళు వచ్చేదాకా వదలకు.

…వినబడుతోంది. వినబడుతోందమ్మా. అది పిన్ని గొంతే.

…వెళ్ళు.

…

ఫెర్గస్. ఉన్నావా?

…విన్నావుగా.

…నీ తప్పు కాదు. తీసెయ్యమని గోల పెట్టింది నేను. నువ్వు మంచికే చేశావు.

…నా తప్పూ కాదంటావా. పోనీ ఎవరిదో ఒకరిదైతే వాళ్ళని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. అక్కడ ముసల్ది కంప్యూటరు అద్దంలో ఖాళీ చూసి తెలుసుకుందయ్యా కూతురు పోయిందని. చెప్పాల్సిన వరస మనిషి భుజం మీద చెయ్యి వెయ్యకుండానే.

…

…ముక్కు తుడుచుకో. ఇక ఆ మూడిటి సంగతి చెప్పు.

…వచ్చే వారమా? వద్దు. ఈ పూటే తేలాలి.

…పట్టుదల కాదు. నేను కూర్చున్న గది ఎలా ఉందో నీకు తెలీదు. కుర్చీలు వరసగా ఉన్నాయి, మనిషికో మిషను. ఈ కుర్చీల్లో సగం మంది ముఖాలు నీ మొదటి పేజీలో ఉన్నాయి. వచ్చే వారం అంటున్నావు. వచ్చే వారానికి ఇందులో ఎవరుంటారో నువ్వు చెప్పగలవా?

…ఆ. చెప్పు మరి. ఒకటోది.

…పెద్ద పెద్ద మ్యూజియాలన్నీ వాడేది. అవును, చూశాను, కళ్ళు చెదిరేలా ఉంది. నేనడిగేది ఒకటే. మాలో ఒకరు పోతే, దాన్లోంచి ఎవరు తీస్తారు?

…మేం పంపితే మీ ఆఫీసు చూసి ఖాయం చెయ్యాలా. మళ్ళీ అదే కథ. వద్దు. పక్కన పడెయ్యి.

…రెండోది. ఊరికే వస్తుంది. ఆ. ఎవరైనా మార్చుకోవచ్చు, ఎప్పుడైనా. బాగానే ఉందే.

…ఏ పేజీకి ఆ పేజీలో పేరు చేత్తో కొట్టాలా? అంటే తియ్యాలన్నా ఒక్కో పేజీ వెతుక్కుంటూ పోవాలి. ఫొటో కింద, బొమ్మ కింద, పాత ప్రదర్శనల కింద…

…పేరు కొట్టి వెతికితే అన్నీ వస్తాయా. బానే ఉంది సంబడం! దుఃఖంలో ఉన్న పిల్ల కూర్చుని, అనకూడని పేరుని వేళ్ళతో అక్షరం అక్షరం కొట్టుకుంటూ వెతకాలా? నోటితో అనకూడనిది వేళ్ళతో అనొచ్చా? వద్దు.

…మూడోది ఏదీ, నువ్వు అనాకారిది అన్నావే, అదేనా.

…మనిషి గురించి ఒక్క చోటే రాస్తారు. పేరు, ఊరు, ఫొటో, అన్నీ అక్కడే. పేజీలన్నీ అక్కణ్ణుంచే తెచ్చుకుంటాయి. అంటే… ఇంటి ట్యాంకు ఒకటే, పంపులెన్నయినా.

…అదే కదా. ట్యాంకు దగ్గర కట్టేస్తే అన్ని పంపులూ ఆగుతాయి. "దాచు" అని మీట ఉందా. పేజీ పేరులో కూడా పోతుందా? వెతికే గడిలో?

…ఫోన్లోంచి నొక్కొచ్చా? మా ఊళ్ళో సిగ్నల్ సంగతి తెలుసుగా, నీళ్ళ ట్యాంకు మెట్టెక్కి నిలబడాలి.

…ఆ. అంత తక్కువ సిగ్నల్‌కే పన్జేస్తే పర్లేదు. దాచడమేగా, చెరిపెయ్యదు కదా? ఎన్నేళ్ళకో తల్లి సరేనంటే మళ్ళీ చూపించొచ్చు… ఆ. మంచిది. ఇక అసలు సంగతి. ఆ చోట ఏముంటుంది?

…ఖాళీ ఉంటుందా?

…ఉండదా, మిగతావాళ్ళు జరుగుతారా? మేం నేల మీద కూర్చుని బొమ్మలేసేటప్పుడు ఒకరు లేస్తే పక్కవాళ్ళు సర్దుకుంటారు, అలా సర్దుకోవాలి. ఇంకోటి, వరస రోజూ మారిపోతూ ఉండాలి. ఇవాళ ముందున్నవాళ్ళు రేపు వెనక్కి. ఎవరూ ఫలానా చోటే అని కళ్ళకి అలవాటు కాకూడదు.

…తల్లి వెతుకుతుందంటావా. వెతుకుతుంది. తల్లికి తెలిసిపోతుంది. దానికి నీ సాఫ్ట్‌వేర్లో మందు లేదులే. కనీసం వెతికేటంతసేపు ఆలస్యమవుతుంది, ఈలోపు కారు చేరుతుందేమో. అంతకంటే నేను అడగను.

…నమూనా కట్టావుగా దాంట్లో? ఎదురుగా ఉందా? నొక్కి చూపించు మరి.

…మా చెల్లి ఫొటో అందులోనూ ఉందా! ముందు అది దాచు, చప్పుడు చెయ్యకుండా.

…మరి ఏం జరిగిందో చూడలేదా? కంగార్లో చూసుకోలేదా. సరే, ఇంకొకరి మీద నొక్కు. ఇప్పుడు చూస్తూ నొక్కు.

…డెల్మా మీదా? చంపేస్తాను! బతికున్న మనిషి మీద నొక్కుతావా? అది నా ఎదురుగా కూర్చుని శాండ్‌విచ్ తింటోంది.

…నా మీద నొక్కు.

…నువ్వెందుకు భయపడతావు? నా ఫొటో, నేను చెప్తున్నాను. ఏ మీట ఎలా పన్జేస్తుందో నాకు ఇప్పుడే తెలియాలి. తర్వాత తెలుసుకోవడం కుదరదు కదా.

…నొక్కు నాయనా.

…

…నొక్కావా. ఏం కనబడుతోంది?

…ఫొటో లేదు. పేరు?

…బొమ్మల కింద?… అక్కడా లేదు.

…డెల్మా జరిగిందా. ఖాళీ ఏమన్నా…? సరిగ్గా చూడు. అటూ ఇటూ ఏమన్నా సందు కనబడుతోందా?

…నేనెక్కడుండేదాన్నో ఇప్పుడు నీకు తెలుస్తోందా?

…తెలీట్లేదు. నీకే తెలీట్లేదు.

…

…ఏం లేదు. బాగానే ఉన్నాను. భయమేసింది ఒక్క క్షణం, అంతే. ఎవరికైనా వేస్తుంది. అంత నున్నగా పోతాననుకోలేదు.

…ఇదే ఖాయం చెయ్యి. ఆర్ట్ సెంటర్ కమిటీకి నేను చెప్పుకుంటా. మీట మా మేనకోడలి చేతికివ్వు, కొత్త పేరుతో.

…ఆ, నర్సమ్మ వస్తోంది, సూదులు తీస్తుందట. ఫెర్గస్… ఇంకా దాచే ఉంచావా నన్ను?

…చూపించు నొక్కవయ్యా. నేనింకా పోలేదు.

…వచ్చానా?

…ఏ చోట?

…సరే. అక్కడే ఉండనీ. ఉంటాను మరి.