రెండు కిలోలు ఎక్కువ లాగిన వాయునౌక: కరీమున్ గారి ముప్పై ఎనిమిదేళ్లు

1987 జూన్ ఒకటిన వాడరేవులోని తీర వాతావరణ పరిశీలన కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా చేరిన శ్రీమతి నూర్ బాషా కరీమున్ గారు, ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ల ఎనిమిది నెలలకు, 2019 ఫిబ్రవరి పన్నెండో తేదీ ఉదయం పదిన్నరకు, గుంటూరు దాటి ప్రత్తిపాడు రోడ్డు పక్కన ఒక మిర్చి కల్లంలో నిలబడి, రెండు వందల అడుగుల ఎత్తున తాడుకు నిలిచి ఉన్న మన వాయునౌకను తలెత్తి చూస్తూ, “అందులో ఉన్నది హీలియం ఒక్కటే కాదు” అన్నారు.

పక్కనే ఉన్న జూనియర్ ఇంజనీరు ప్రకాష్ నవ్వారు. తాడు మొదట్లో వేలాడదీసిన కాటా చూపించారు.

“అదేంటి మేడమ్! ఇవాళ భలే లాగుతుంటే? చూడండి, ఇరవై ఆరు కిలోలు.”

“రోజూ ఎంత?”

“ఇరవై నాలుగు. ఎండకు ఉబ్బిందేమో లెండి.”

“ఎండేదయ్యా? పొద్దుటి నుంచీ మబ్బే కదా. హీలియంలో మామూలు గాలి కలిస్తే తక్కువ లాగుద్ది. ఎక్కువ లాగిందంటే దానికన్నా తేలికైంది కలిసింది. దానికన్నా తేలికైంది ఈ లోకంలో ఒక్కటే ఉంది.”

ప్రకాష్ ముఖంలో నవ్వు అక్కడితో ఆగిపోయింది. హీలియం మంటకు అంటుకోదు. హైడ్రోజన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. రెండూ మన కేంద్రంలో ఉండేవే. రోజూ ఉదయం, సాయంత్రం ఎగరేసే రబ్బరు బెలూన్లలో హైడ్రోజన్ నింపుతాం. అవి మనుషులకు దూరంగా సముద్రం మీదికి వెళ్లిపోతాయి. పొలాల మీద నిలిపి మిర్చి, పత్తి చేలకు తగిలిన తెగుళ్లను ఫొటోలు తీసే వాయునౌకకు మాత్రం హీలియమే వాడాలి. దాని కింద మనుషులుంటారు కనుక.

ఆ ఉదయం దాని కింద నలభై మంది ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. కల్లం గట్టున జనరేటరు నడుస్తోంది. దాని పక్కన ప్రేమమ్మ బజ్జీల పొయ్యి. అవతలి చేలో ఎవరో పత్తి కట్టె పోగేసి అంటించారు. గాలి ఇటే వీస్తోంది.

“దించేద్దామా మేడమ్?” అన్నారు ప్రకాష్. తాడు చుట్టే యంత్రం మీద ఆయన చేయి పడబోయింది.

“ముట్టుకోవద్దు! దాని మోటారు స్విచ్ వేస్తేనే రవ్వ లేస్తుంది. పైనే ఉండనీ. ముందు కింద నిప్పు లేకుండా చేయాలి. తర్వాత పైమూత తాడు లాగి గ్యాసు ఆకాశంలోకే వదిలేద్దాం. జనరేటరు దగ్గరికి నువ్వెళ్లు, పత్తి చేలోకి డ్రైవర్ని పంపు, గట్టు మీదున్న నీళ్ల ట్యాంకరు తీసుకెళ్లమను.”

ఆడవాళ్లను లేపడం అంత తేలిక కాలేదు. వాన చుక్క పడేలోగా కాయ ఎత్తాలని వాళ్ల ఆత్రం.

“ఇప్పుడు లెగమంటే ఎట్టాగండీ? తడిస్తే కాయ నల్లబడుద్ది. ఆసామి మమ్మల్ని తింటాడు!”

“ఆసామితో నేను మాట్లాడతా. మీరు రోడ్డు దాటి అవతల నిలబడండి. పరుగెత్తొద్దు, నడవండి.”

బజ్జీల ప్రేమమ్మ ఇంకా గట్టి మనిషి. మూకుడులో ఆరు బజ్జీలు తేలుతున్నాయి.

“ఈ వాయి తీసి ఆర్పేత్తానమ్మా, పిండి పాడైపోద్ది.”

“ఈ వాయి కూడా వద్దు ప్రేమమ్మా.”

“సగం ఉడికినియ్యి ఎవురు తింటారు?”

“నేను తింటా. ఆర్పెయ్.”

పొయ్యి ఆరింది. జనరేటరు ఆగింది. పత్తి కట్టె మీద ట్యాంకరు నీళ్లు పడి తెల్లటి పొగ లేచింది. అప్పుడు కరీమున్ గారు పైమూత తాడును తన చేతుల్లోకి తీసుకుని అంగుళం అంగుళంగా లాగారు. కాటా ముల్లు ఇరవై ఆరు నుంచి ఇరవైకి, పదిహేనుకి, ఎనిమిదికి దిగడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. చివరకు వాయునౌక ముడతలు పడి, ఉతికి ఆరేసిన దుప్పటిలా మిరపకాయల మీద వాలింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కరీమున్ గారు మాట ప్రకారం సగం ఉడికిన బజ్జీ ఒకటి తిన్నారు. “ఎట్టుందమ్మా?” అంటే, “పిండి పచ్చిగా ఉంది, కారం మాత్రం బాగా తగిలింది” అన్నారు. రోడ్డవతల నుంచి వచ్చిన ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. ప్రేమమ్మ మళ్లీ పొయ్యి వెలిగించి మొదటి వాయి మొత్తం ఆమెకే ఇచ్చింది.

తర్వాత ఆమె సిలిండర్లు తెచ్చిన లారీ దగ్గరికి వెళ్లారు. తొమ్మిది సిలిండర్లూ ఒకే రంగులో ఉన్నాయి. హీలియం సిలిండరు గోధుమ రంగులో, హైడ్రోజన్ సిలిండరు ఎరుపులో ఉండాలి. కానీ వాడరేవు ఉప్పుగాలికి తట్టుకోవాలని ఏటా వానలకు ముందు గేట్లకు, కిటికీ చువ్వలకు, నీళ్ల తొట్లకు తుప్పు పట్టనివ్వని రెడాక్సైడు రంగు పూయించడం మన కేంద్రం అలవాటు. అంతకుముందు ఏడు ప్రకాష్ మరింత శ్రద్ధ చూపి, తుప్పు పట్టాయని సిలిండర్లకు కూడా పూయించారు. దాంతో గోధుమ రంగూ ఎరుపూ కలిసి ఒకే రంగయ్యాయి.

రంగు పోయినా ఇంకో కాపలా ఉంటుంది. హైడ్రోజన్ సిలిండరు మూతి మర ఎడమకు తిప్పితే బిగుస్తుంది, హీలియంది కుడికి. ఒకదాని గొట్టం ఇంకొకదానికి ఎక్కనే ఎక్కదు. మరి ఎలా ఎక్కింది?

గ్యాసు నింపే కాంట్రాక్టు కార్మికుడు క్రీస్తుదాసు ముందుకొచ్చాడు.

“మూడు సిలిండర్లకి గొట్టం పట్టలేదు మేడమ్ గారూ. ఉప్పుగాలికి మర తినేసిందనుకున్నా, మనకి మామూలే కదండీ. సామాన్ల పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఈ ముక్క ఉంది. దీంతో సరిగ్గా ఎక్కింది.”

అరచేతిలో పెట్టి చూపించాడు. బొటనవేలంత ఇత్తడి ముక్క. ఒక చివర వరసగా మూడు చుక్కలు కొట్టి ఉన్నాయి. కరీమున్ గారు దాన్ని తీసుకుని ఆ చుక్కలను వేలితో తడిమారు. “సరే, బండెక్కు” అని మాత్రం అన్నారు.

ఆ ముక్క కథ తెలియాలంటే ఆమె ఉద్యోగ జీవితం మొదటికి వెళ్లాలి.

కరీమున్ గారిది వేటపాలెం. తాతగారు ఊరూరా తిరిగి దూది ఏకినవారు, తల్లి జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టినావిడ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కరీమున్ గారు. మన కేంద్రంలో చేరిన తొలి రోజుల్లో ఆడపిల్లకు గ్యాసు గది ఎందుకని పెద్దలు ఆమెను కాగితాల పనిలో కూర్చోబెట్టారు. ఆరు నెలలకే ఆమె కోరి గ్యాసు గదిలోకి మారారు.

1990 మే నెలలో తుఫాను తీరానికి వస్తోందనగా హైడ్రోజన్ సిలిండరుకు తగిలించే గొట్టం మూతి విరిగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. బస్సులు ఆగిపోయాయి. బెలూన్లు ఎగరకపోతే పైన గాలి ఏ దిక్కున ఎంత వేగంతో ఉందో తెలియదు, వాడరేవు పల్లెకు ఏ కబురూ చెప్పలేం. గదిలో మిగిలింది కుడి మర గొట్టం ఒక్కటే. ఇరవై అయిదేళ్ల కరీమున్ గారు ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ చీరాలలో లేతు మిషను నడిపే మేనమామ బుడే గారి దగ్గరికి వెళ్లారు.

“ఒకవైపు ఎడమ మర, ఒకవైపు కుడి మరా? మొగుడూ పెళ్లాలకి కూడా ఇంత ఎదురు తిరుగుడు ఉండదే!”

“నీ పరాచికాలు తర్వాత మామా. రేపు పొద్దున్నే బెలూను లేవాలి.”

“కరెంటు లేదు కదే పిల్లా!”

“నేను తిప్పుతా, నువ్వు కొయ్యి.”

ఆమె లేతు పట్టాను చేత్తో తిప్పుతుంటే బుడే గారు ఇత్తడిని కోశారు. ఎడమ మర ఏ చివర ఉందో పొరపడకుండా ఆమే సుత్తి తీసుకుని మూడు చుక్కలు కొట్టారు. మర్నాటి నుంచి మూడు రోజులు పూటకొక బెలూన్ చొప్పున ఎగిరింది. వాడరేవు పడవలన్నీ వేళకు ఒడ్డెక్కాయి. నాటి అధికారులు ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అది ఇప్పటికీ వేటపాలెం ఇంటి గోడ మీద ఉంది. నాడు ఆ ముక్కను చూసినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేసి వెళ్లిపోయారు. కొత్త గొట్టం వచ్చాక దాని సంగతి అందరూ మరిచిపోయారు.

ఆపైన ఆమె సాంకేతిక సహాయకురాలిగా, పర్యవేక్షకురాలిగా ఎదిగారు. 2015లో వాయునౌక వచ్చినప్పుడు దాని సంచి కుట్లు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి చూశాకే సంతకం పెట్టారు. భర్త మాలిక్ గారు చెప్పే మాట, ఇంట్లో వంట గ్యాసు బండ మార్చినా సబ్బునురుగు రాసి చూడనిదే ఆమె అన్నం వండరని.

ఇక విచారణ. ఫిబ్రవరి పదహారున ప్రధాన కార్యాలయం నుంచి ఇమ్మానియేలు గారు వచ్చారు. తలుపులు వేసిన గదిలో నలుగురే ఉన్నారు: ఆయన, ప్రకాష్, క్రీస్తుదాసు, కరీమున్ గారు. రంగు సంగతి ప్రకాష్ దాచకుండా ఒప్పుకున్నారు. ఇమ్మానియేలు గారు తల ఊపారు.

“రంగు పోయినా మర ఆపేది. ఆపకుండా చేసింది ఈ ముక్క. ఇది మన సామాన్ల పట్టీలో లేదు. ఎక్కడిదయ్యా క్రీస్తుదాసూ?”

“పెట్టెలోదేనండీ. దేవుడి తోడు, నేను తేలేదండీ.”

“ఎవరు పెట్టారో తేలకపోతే నువ్వే తెచ్చావని రాయాల్సి వస్తుంది. ఉద్యోగంతో పోదు, కేసు కూడా అవుతుంది.”

ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న క్రీస్తుదాసును పర్మనెంటు చేసే కాగితం ఆ నెలలోనే కదిలింది. అతను గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అదే నెలలో కరీమున్ గారిని కేంద్రం అధిపతిగా నియమించే ఫైలు కూడా సంతకానికి సిద్ధంగా ఉంది. ఆ ఇద్దరి కాగితాలూ ఇమ్మానియేలు గారి సంచిలోనే ఉన్నాయి.

ఆ గదిలో తర్వాత ఏం జరిగిందో ఇంతవరకు బయటివారికి తెలియదు. తెలిసిందల్లా ఇది: క్రీస్తుదాసు మరుసటి ఏడు పర్మనెంటు అయ్యాడు, ఈనాడు గ్యాసు గదుల తాళాలు అతని దగ్గరే ఉంటాయి. కరీమున్ గారి పదోన్నతి మూడేళ్లు ఆగింది, కేంద్రం అధిపతి పదవి మరొకరికి వెళ్లింది. ఆ మూడేళ్లలో ఆమె హైడ్రోజన్‌కు వేరే గది కట్టించారు. సిలిండర్లకు కేంద్రంలో ఎవరూ రంగు పూయకూడదన్న నియమం తెచ్చారు. గొట్టం వట్టి చేత్తో తిప్పితే ఎక్కకపోతే ఆ సిలిండరు వెనక్కి పంపాలే తప్ప, మధ్యలో ఏ ముక్కా పెట్టకూడదని నూట పది మందికి నేర్పారు. ఆ తర్వాత వాయునౌక నాలుగు వందల సార్లకు పైగా ఎగిరింది, కాటా ముల్లు ఒక్కసారి కూడా ఇరవై నాలుగు దాటలేదు.

2025 మే ముప్పై ఒకటిన సీనియర్ సాంకేతికాధికారిగా పదవీ విరమణ చేస్తున్న కరీమున్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు, మాలిక్ గారితోనూ కుమార్తె నజ్మీన్ కుటుంబంతోనూ సంతోషంగా ఉండాలని, కాటా ముల్లు చూడాల్సిన పనిలేని ఉదయాలు ఆమెకు వేలకు వేలు దక్కాలని, అప్పుడప్పుడు వాడరేవు వచ్చి మా తప్పులు పట్టాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము. తన గురించి ఈ సంచికలో రాయడానికి ఆమె ఒక్క షరతు పెట్టారు: మూసిన ఆ గదిలో తానన్న మాటలు అచ్చు కావాలి, వ్యాసం వాటితోనే ఆగాలి. ఆ షరతు పాటిస్తున్నాము.

కరీమున్ గారు కుర్చీలోంచి లేచి, బల్ల మీది ఇత్తడి ముక్కను చుక్కలు పైకి కనబడేలా తిప్పి పెట్టారు.

“చీరాలలో బుడే అని మా మామ. తొంభై తుఫానప్పుడు ఆయన చేశాడు, నేను చేయించాను. ఈ చుక్కలు కొట్టింది కూడా నేనే.”

“తుఫానప్పుడు అవసరానికి చేయించారు. దాన్ని తప్పంటామా మేడమ్?” అన్నారు ఇమ్మానియేలు గారు.

“చేయించడం తప్పు కాదు సార్. తుఫాను వెళ్లిన రోజే రెండు ముక్కలు చేసి పారేయాల్సింది. అందరూ మెచ్చుకున్నారు కదా అని ముచ్చటపడి గుడ్డలో చుట్టి దాచుకున్నా. పట్టీలో రాయలేదు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పెట్టెలో వదిలేశా. ఈ కుర్రాడి చేతికి దాన్ని ఇచ్చినట్టే కదా?”

ఇమ్మానియేలు గారు కలం పక్కన పెట్టారు. “మీ ఫైలు నా సంచిలో ఉందని మీకు తెలుసు. ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి. బాధ్యులు అన్న చోట ఎవరి పేరు రాయమంటారు?”

“ముందు క్రీస్తుదాసు పేరు కొట్టేయండి, నేను చూస్తుండగా.”

ఆయన కొట్టేశారు. గోడకు ఆనుకున్న క్రీస్తుదాసు “వద్దు మేడమ్ గారూ” అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

“ఇప్పుడు రాయండి. రాశాక అందరికీ వినబడేలా చదవండి.”

ఇమ్మానియేలు గారు రాశారు. కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు.

“బాధ్యులు: నూర్ బాషా కరీమున్.”