వెండెల్ నిలబడే చెప్పిన నడక

శనివారం నడక ఎవరిదో ఆ సాయంత్రం తేలిపోవాలి. ఎడారి పార్కుకి మొదటిసారి వచ్చినవాళ్లని తేలిక దారుల్లో తిప్పి చూపించే పని ఇన్నాళ్లూ హోమర్ చేసేవాడు. మోకాళ్లు అరిగి మానేశాడు. వెర్నా కాఫీ కొట్టు వరండాలో ఆయన ఊగుడు కుర్చీ ఖాళీగా ఉంది. నడక ఎవరిదైతే కుర్చీ వాళ్లది, ఇది మా ట్వెంటీనైన్ పామ్స్ ఊళ్లో వరండా ఆచారం. ఆ కుర్చీ మీద వెండెల్ కన్ను పడి చాలాకాలమైంది. అలాంటివాడు ఆ రోజు దాన్ని ముట్టుకోకుండా స్తంభం పక్కన నిలబడి మొదలెట్టాడు. వినేవాళ్లం బెంచీ మీద కాఫీ కప్పుతో నేను, నా పక్కన మారిబెల్. ఆవిడ ఈ మధ్యే ఊళ్లోకి వచ్చింది, శనివారం మొదటిసారి నడవబోతోంది. వెర్నా లోపల కాఫీ కాస్తోంది.

"కూర్చోవడం దేనికయ్యా, నడిచేవాడు నిలబడే మాట్లాడాలి. వినండి. మొన్న మధ్యాహ్నం, ఊరికే, ఆ జెముడు తోట దారి ఉందే, చంటిపిల్లల్ని బండిలో తోసుకెళ్లే దారి, శనివారానికి ఎలా ఉందో ఓసారి చూసొద్దామని వెళ్లాను. అక్కడ చూడాలి మీ కొత్తవాళ్ల వేషాలు. రెండు చేతుల్లో రెండు కర్రలు, మెడ వెనక గుడ్డ వేలాడే టోపీ, వీపు మీది సంచీలోంచి నోట్లోకి గొట్టం, సెలైన్ ఎక్కిస్తుంటే ఆసుపత్రిలోంచి పారిపోయి వచ్చినట్టు. పైగా ఒక్కొక్కడి జేబులో ఒక దువ్వెన. ఎందుకురా అంటే, దూకే జెముడని ఒకటుందట, రాసుకుంటే చాలు ముళ్లతో ఒంటికి అంటుకుంటుందట, దాన్ని దువ్వెనతో పీకాలని పార్కువాళ్లు చెప్పారట. జెముడు దూకడమేంటి, నా మొహం. నేను టోపీ లేకుండా, చుక్క నీళ్లు లేకుండా బయల్దేరాను. దువ్వెనంటారా, బట్టతలకి దువ్వెనెందుకు?"

నీళ్లు కూడా లేకుండానా అని మారిబెల్ అడిగింది.

"నీళ్లు అలవాటు చేసుకున్నవాళ్లకి కావాలమ్మా. ఎండ ఎలా ఉందంటే, నా నీడ ఇక రానని మొరాయించి ఓ బండ కింద చతికిలబడింది. నీ చావు నువ్వు చావమని దాన్నక్కడే వదిలేసి ముందుకెళ్లా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మలుపు తిరిగేసరికి పాతికమంది కొత్తవాళ్లు, కర్రలూ గొట్టాలూ అన్నీ ఉన్నవాళ్లు, నాలుకలు బయటపెట్టి పడున్నారు. దారి తప్పారట. కార్లు ఆపినచోటు ఎదురుగా కనబడుతోంది, అయినా తప్పారు. ఛీ అనుకున్నా, కానీ మనసొప్పలేదు. మడమతో నేలని ఒక్క తన్ను తన్నాను. బుడుంగుమని నీళ్లు పైకొచ్చాయి. మోకాలి లోతు, నడుం లోతు, చూస్తుండగానే చెరువు. అందులో చేపలు కూడాను."

"ఎడారిలో చేపలేమిటి?" అన్నాను.

"ఇన్నాళ్లూ అవీ అదే అనుకుని కింద దాక్కున్నాయి డోర్సీ."

"మరి ఆ చెరువు ఇప్పుడేదీ?"

"ఉండనిచ్చారా? ఆ పాతికమందీ అడుగంటా తాగేశారు. కొత్తవాళ్లతో ఎప్పుడూ ఇదే గోల."

మారిబెల్ నవ్వలేదు. నిజంగా అక్కడ దారి తప్పుతారా అని మెల్లగా అడిగింది.

"నేను ముందు లేకపోతే తప్పక తప్పుతావు. అసలు సంగతి విను. నీళ్ల వాసనకి కొండసింహం వచ్చింది. మామూలుది కాదు, మూతి చెరువులో ఉంటే తోక ఇంకా కొండ అవతలే ఉంది. పాతికమందీ నా వెనక నక్కారు. నేను దాని కళ్లలోకి చూసి, వరసలో రా, ముందు మనుషులు తాగాలి అన్నాను. సిగ్గుపడి వెళ్లి వరస చివర నిలబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లందర్నీ దాని వీపు మీద ఎక్కించి, ఏడ్చేవాళ్లని తోక మీద ఊపుతూ, నేను ముందు నడిచి మూడు కొండలు దాటించా. వచ్చే దారిలో నా నీడని చెవి పట్టుకుని లేపి లాక్కొచ్చా. పార్కువాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు. సింహమైతే మళ్లీ ఎప్పుడొస్తావని ఒకటే ఏడుపు. ఇప్పుడు చెప్పండి, శనివారం నడక ఎవరికివ్వాలి?"

ఆ చివరి మాట అంటూ వాడు ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఆ కుర్చీ అంతగా కావాలి వాడికి. అప్పటిదాకా ఒళ్లు మండిపోతున్న నాకు ఆ ఒక్క క్షణం జాలేసింది. మారిబెల్ మాత్రం పాలిపోయిన మొహంతో, ఇది నావల్ల కాదేమో, నేను రానులెండి అంటూ లేవబోయింది.

అప్పుడు వెర్నా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఊగుడు కుర్చీని లాగి వెండెల్ ముందు వేసింది.

"నీకే ఇద్దాం. కూర్చో."

మూడు కొండలు దాటిన కాళ్లు కూర్చోవడం మర్చిపోయాయన్నాడు వాడు. ఒక్కసారి కూర్చుంటే చాలు, నడక నీదే అంది వెర్నా. వెండెల్ కుర్చీ చేతుల్ని పట్టుకుని మోకాళ్లు కొంచెం వంచాడు. మొహం అష్టవంకర్లు తిరిగింది. మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

వెర్నా మారిబెల్ పక్కన కూర్చుని ఆవిడ చేతిలో ఒక దువ్వెన పెట్టింది. "భయపడకమ్మా, అది తప్పిపోయే దారి కాదు. మొన్న మధ్యాహ్నం నేనూ అటే వెళ్లాను. కార్ల పక్కనే, ఇంకా దారి మొదలవకుండానే, ఒకాయన ఎండకి కళ్లు తిరిగి, చూసుకోకుండా జెముడు మీద కూలబడ్డాడు. పాపం కొత్తవాళ్లే వాళ్ల గొట్టాలతో నీళ్లు తాగించారు. ముళ్లు నేను దువ్వెనతో పీకాను. కారు వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి ఇంటి దగ్గర దింపాను." తర్వాత వెండెల్ వైపు తిరిగింది. "బట్టతలకి దువ్వెనెందుకన్నావు. తలకని ఎవరన్నారు?"

మారిబెల్ దువ్వెనని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఆ దువ్వెనేనా?"

"కాదు తల్లీ. అది పారేశాను."

నాకు కాఫీ పొలమారింది. మారిబెల్ మొదటిసారి నవ్వి, దువ్వెన సంచీలో వేసుకుని, శనివారం మీరే తీసుకెళ్లండి వెర్నా, మీ వెనక వస్తానంది. నేనూ సరేనన్నాను. వెండెల్ కాళ్లు ఎడంగా వేసుకుంటూ మెట్లు దిగాడు. కింద ఆగి, ఇటు చూడకుండానే అడిగాడు.

"నేనూ రావచ్చా?"

వెర్నా వెళ్లి ఊగుడు కుర్చీలో కూర్చుంది.

"రా. టోపీ పెట్టుకో, నీళ్లు తెచ్చుకో. కొత్తవాళ్ల వరసలో చివర, నీ సింహం వెనక నిలబడు."