పద్నాలుగో గడి

మూడోసారి బాబూ. ఆధార్ జెరాక్స్ అడగడం ఇది మూడోసారి. సోమవారం ఇచ్చాను, పోయిందన్నావు. బుధవారం ఇచ్చాను, సంతకం లేదన్నావు. ఇదిగో, ఇవాళ సంతకం పెట్టి మరీ తెచ్చాను. ఆ మొదటి రెండూ ఎక్కడున్నాయో మాత్రం చెప్పు.

తెలీదు కదూ? నేను చెబుతాను. ఇంకో నెలకి రైల్వే గేటు దగ్గర మరమరాలు అమ్మేవాడి బుట్టలో ఉంటాయి. నవ్వకు. మొన్న సియాల్దా లోకల్ రైల్లో కారం మరమరాలు కొనుక్కున్నాను. తిన్నాక పొట్లం విప్పి చూస్తే లోపల ఒకాయన ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఫోన్ నంబరు. పాపం, బట్టతల మీద ఆవనూనె మరక. ఎవరో ఏమిటో, ఆయన గురించి వాళ్ళావిడకి తెలియనివి కూడా నాకు తెలిసిపోయాయి. పొట్లం విప్పి లోపల చదవడం నాకు పాత అలవాటు. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ తల వెనక, ఈ పోలీసు స్టేషను గోడ మీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా? ‘మీ వ్యక్తిగత వివరాలు ఎవరికీ చెప్పకండి’ అని. ఎర్ర అక్షరాలు, బాగా కనిపిస్తున్నాయి. దాని కింద కూర్చుని నువ్వేం చేశావు? పేరేంటి, వయసెంత, తల్లి పేరేంటి, ఏ బ్యాంకు, ఏ వీధి అని సంతలో కూరలవాడిలా గొంతెత్తి అడిగావు. నా వెనక పదిమంది వరసలో ఉన్నారు. నేను పిన్‌కోడ్ తప్పు చెబితే చివర నిలబడ్డ గళ్ళచొక్కా ఆయన సరిదిద్దాడు. ఇంకో పదినిమిషాలు అడిగితే ఆయనే నా తరఫున ఫిర్యాదు కూడా రాసిచ్చేవాడు.

సరే, పద్నాలుగో గడి. ఎందుకు ఖాళీగా వదిలానంటావు. వస్తాను, అక్కడికే వస్తాను. నువ్వు కంప్యూటరు చూసుకుంటూ ఉండు, పర్లేదు. చెవులు ఇటివ్వు చాలు.

ముందు ఆ జాలి మానెయ్యి. ‘పెద్దవాళ్ళు కదా మాసీమా, తెలియక మోసపోతారు’ అన్నావు. తెలియకా? కరెంటు కోసేస్తామని ఒకడు ఫోన్ చేస్తే, కొయ్యి నాయనా, ఇంట్లో లాంతరుంది అన్నాను. నీకు లాటరీ తగిలిందని ఇంకొకడంటే, నేను టికెట్టే కొనలేదు, తగలాల్సిన దెబ్బలన్నీ తగిలాయి, ఇంక పెట్టెయ్ అన్నాను. లింకు అని వస్తే ముట్టుకోను. ఎవడికీ అంకెలు చెప్పను. మా సంఘంలో ఆడవాళ్ళందరికీ ఇవన్నీ నేర్పింది నేనే.

సంఘం అంటే, రైల్వే కాలనీలో భర్తలు పోయినవాళ్ళం. రెండువందల పన్నెండు మందిమి. పదహారేళ్ళుగా కార్యదర్శిని నేను, కనకలతా హాల్దార్‌ని. ప్రతి నవంబరులో, పింఛను ఆగకుండా, మేమంతా బతికే ఉన్నామని సర్కారుకి రుజువు చెయ్యాలి. ఏడాది పొడుగునా మేం బతికున్నామని దోమలు ఒప్పుకుంటాయి, మోకాళ్ళు ఒప్పుకుంటాయి, మందుల కొట్టువాడు మరీ సంతోషంగా ఒప్పుకుంటాడు. సర్కారు ఒక్కటే ఒప్పుకోదు. అందుకని ఎవరు ఏ రోజు వెళ్ళాలి, ఏ కాగితం తీసుకెళ్ళాలి, అన్నీ నేనే వాళ్ళ ఫోన్లకి రాసి పంపుతాను. కనక్‌దీ రాసిందంటే వాళ్ళకి వేరే ముద్ర అక్కర్లేదు.

పంతొమ్మిది రోజులైంది, అవి రాసి పంపే నా ఫోను ఖాతా ఎవడో పట్టుకున్నాడు. తాళం మార్చేశాడు. ఇప్పుడు వాడే నేను. నేనిక్కడ నీ ముందు బల్ల మీద కూర్చున్నానా, అక్కడ నేనే వాళ్ళకి రాస్తున్నాను. ‘చెల్లీ, నీ ఫోనుకి ఆరంకెల సంఖ్య వస్తుంది. వెంటనే నాకు పంపు. లేకపోతే ఈ ఏడాది నువ్వు పోయినట్టు రాసేసుకుంటారు’ అని. నాకంటే బాగా రాస్తున్నాడయ్యా. ఒక్క తప్పు లేదు. చివర ‘వేళకి మందు వేసుకో’ అని కూడా పెడుతున్నాడు. నాకు పదహారేళ్ళలో ఎప్పుడూ తోచలేదా మాట.

పదకొండు మంది పంపేశారు. మా పక్క వరస శెఫాలికి ఆ నెల పింఛను మొత్తం ఊడ్చుకుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మళ్ళీ యథాప్రకారం గిన్నెలో చేపల పులుసు తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆ గిన్నె ఇంకా తిరిగివ్వలేదు నేను.

ఇంటింటికీ తిరిగాను, అది నేను కాదు, నమ్మకండి అని. ఒకామె తలుపు సగమే తీసింది. ‘మరి నువ్వు నువ్వేనని రుజువేంటి కనక్‌దీ?’ అంది. నేను నేర్పిన ప్రశ్నే. జవాబు మాత్రం నేర్పలేదు.

ఇంకా రెండొందల మంది ఉన్నారు. రోజుకొకరు చొప్పున భయపడినా వాడికి చాలు. ఆ ఖాతా నడిపే కంపెనీవాళ్ళేమో పోలీసు కాగితం ఉంటే తప్ప దాన్ని మూయం అంటారు. నీ కాగితంలో పద్నాలుగో గడి నింపితే తప్ప అది కదలదు. ‘ఖాతా తెరిచినప్పుడు పెట్టుకున్న రహస్య ప్రశ్న, దాని జవాబు.’ ప్రశ్న రాశాను, చూడు. ‘నీ మారుపేరు ఏమిటి?’ జవాబు రాయలేదు.

ఎందుకంటే, పోలీసులకి ఆ మాట చచ్చినా చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. నీతో గొడవ కాదులే. అప్పటికి మీ నాన్నే నిక్కరేసుకుని ఉంటాడు.

డెబ్భై నాలుగు, రైలు సమ్మె జరిగిన ఏడు. మా ఆయన హరిపద ఇంజనులో బొగ్గు వేసేవాడు. కాలనీలో మగవాళ్ళంతా పరారు. క్వార్టర్ల నుంచి సామాన్లు బయట పారేస్తున్నారు. నాకు ఇరవై ఆరు. నెత్తిన బుట్ట పెట్టుకుని మరమరాలు అమ్మేదాన్ని. పొట్లం కాగితం లోపలివైపు పెన్సిలుతో రాసి ఉండేది, ఇవాళ ఎవరు ఎక్కడ తలదాచుకోవాలి, ఏ వీధికి జీపు వస్తోంది అని. జవాన్లు కూడా నా దగ్గర కొనుక్కు తినేవాళ్ళు. వాళ్ళకి ఇవ్వడానికి వేరే పొట్లాలుండేవి. ఒక్కడు కూడా కాగితం విప్పి చూడలేదు. తిన్నాక పొట్లం ఎవడు చదువుతాడు?

ఆ వార్తలు పంపే మనిషికి రైల్వే యూనియన్లో ఒక పేరు పెట్టారు. మగపేరు. పోలీసులు మగవాణ్ణే వెతుకుతారని. ఆ మనిషి నేనేనని తెలిసింది ముగ్గురికి. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు.

నన్ను పట్టుకుని పదకొండు రోజులు ఉంచారు. ఏ స్టేషనో అడక్కు, ఇప్పుడక్కడ కొత్త భవనం కట్టారు. ఒకటే ప్రశ్న, వాడెక్కడ? వాణ్ణే నిలబెట్టి, వాడెక్కడని వాణ్ణే అడిగారు. నవ్వొచ్చేది, నవ్వితే ఇంకో రెండు పడేవి. ఇదిగో ఈ వేళ్ళు చూడు. ఈ రెండింటికీ గోళ్ళు సరిగ్గా రావు, గీతలు లేవు. ఆధార్ తీసిన రోజు యంత్రం వీటిని ఒప్పుకోలేదు. యంత్రం దగ్గరున్న పిల్ల, బాగా సబ్బుతో కడుక్కుని రండి మాసీమా అంది. రెండుసార్లు కడుక్కుని వచ్చాను. ఏం చెబుతాం?

బయటికొచ్చాక ఎందుకు చెప్పలేదంటావా? మొదట భయం. ఆ తర్వాత, చెప్పే సందేదీ? టీకొట్టు దగ్గర మగవాళ్ళు ఆ పేరెత్తి గొప్పలు చెప్పుకునేవాళ్ళు. ఆరడుగులంట, మీసాలంట, కదిలే రైల్లోంచి దూకేవాడంట. మా ఆయనైతే వాడితో చెయ్యి కలిపానని ప్రమాణం చేసేవాడు. ‘మగాడంటే వాడే, నీకేం తెలుసు, నువ్వు పొయ్యి ఊదుకో’ అనేవాడు. ఆ పొయ్యి మీదే టీ కాచి పోశాను అందరికీ. ఆయన పోయేదాకా చెప్పలేదు. ఆ చెయ్యి కలపడం ఒక్కటే ఆయన జీవితంలో గొప్ప. దాన్నెలా లాక్కోను?

పైగా గేటు పక్కన వాడికి స్తూపం కట్టారు. వీరమరణం పొందాడట. ఏటా మే నెలలో దండ వేస్తారు. నేనూ వేస్తాను. పోయినేడు, ముసలావిడ ముందుకు రండి అని కుర్చీ కూడా వేశారు.

అదీ సంగతి. ఖాతా తెరిచినప్పుడు మా మేనకోడలు, ‘ఎవరికీ తెలియని జవాబు ఒకటి పెట్టు అత్తా’ అంది. ఊరంతటికీ తెలిసిన పేరు, అది ఎవరిదో ఒక్కరికీ తెలియదు. ఇంతకంటే గట్టి తాళం ఆ కంపెనీవాళ్ళ దగ్గర ఉందా?

మరి దొంగకెలా తెలిసిందంటావు. అక్కడికే వస్తున్నాను. జెరాక్స్‌వాణ్ణి తిట్టాను, బ్యాంకుని తిట్టాను, నిన్ను తిట్టాను. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

ఒక కుర్రాడి గొంతు. పేరు అర్ఘ్య అన్నాడు. సమ్మెలో ఆడవాళ్ళ చరిత్ర రాస్తున్నానన్నాడు. రోజూ భోజనాలయ్యాక ఫోన్ చేసేవాడు. డబ్బు ఊసెత్తలేదు, అంకెలు అడగలేదు. ఏం వండారు దిదిమా అని సొంత అమ్మమ్మని అడిగినట్టు అడిగేవాడు. మా అమ్మ పేరు అడిగాడు, చెప్పాను. ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళంటే, బుడీ అని చెప్పాను. పుట్టినప్పుడే ముసలిదని పేరు పెట్టారు నాకు. మర్నాటి నుంచి బుడీదీ అన్నాడు. ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా గంగ ఒడ్డున కాలిపోయాక, ఆ పిలుపు వింటే ఎలా ఉంటుందో నీకిప్పుడు తెలీదులే.

ఆరో రోజు, మీకు మారుపేరు ఉండేదా అన్నాడు. నేను మాట్లాడలేదు. చూడు, అప్పటికీ మాట్లాడలేదు. వాడు నెమ్మదిగా, ‘పోనీలెండి, ఆడవాళ్ళకి అలాంటివి ఉండేవి కావేమో. నిమాయి లాంటి మగవాళ్ళకే ఉండేవేమో’ అన్నాడు.

నిమాయిని నేనే అన్నాను.

అంతే బాబూ. దెబ్బలకి తెరవని నోరు ఆ ఒక్క మాటకి తెరుచుకుంది. యాభై ఏళ్ళు, ఒక్కడంటే ఒక్కడు, కనకలతా, నువ్వేం చేశావు అని నన్ను అడగలేదు. దొంగ అడిగాడు. మొత్తం చెప్పాను, పొట్లాలు, పెన్సిలు, వేళ్ళు. చెబుతూ ఏడ్చాను కూడా. వాడు అడ్డుపడకుండా విన్నాడు. నీళ్ళు తాగండి బుడీదీ అన్నాడు. సాయంత్రానికి ఖాతా పోయింది.

కలం ఇవ్వు. శెఫాలి గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఖాళీగా తిరిగివ్వలేను. ఇదిగో, పద్నాలుగో గడి. నిమాయి. పదకొండు రోజులు కొట్టినా మీవాళ్ళకి దొరకని పేరు, నా చేత్తో రాసి పోలీసులకే ఇస్తున్నాను. తీసుకో.

ఏంటీ? ఇటు తిరిగి అడుగు, వినబడలేదు.

‘నిమాయి ఎవరు మాసీమా, మీ ఆయనా?’ అనా?

పొద్దున్నుంచీ ఆ కంప్యూటర్లో ఏం చూస్తున్నావయ్యా?

పోనీలే. మా ఆయనే అనుకో. ఆయన సంతోషిస్తాడు. ముద్ర కొట్టు.