గుండ్రని మూలల సదానందం గారు

"గా సదానందం సారు కొలువు దిగిపోతే ఇగ పుస్తకం ఎవలు సూస్తరక్కా? రాతలదేమున్నది!" అని కూరగాయల బండి దగ్గర మా పక్కింటి రాజకుమారి గారు అన్నారట. పుస్తకమంటే మా బొగ్గు గనుల మాసపత్రిక; ఆ రాతలు నావి. ఆ మాటను మా ఆవిడ టీ గ్లాసుతో పాటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ నెల పదవీ విరమణ పొందుతున్న శ్రీ సదానందం గారు 1988 మార్చి 14న గోదావరిఖనిలో బొగ్గు నింపే కార్మికుడిగా ఉద్యోగ జీవితం ప్రారంభించారు. వెన్ను దెబ్బతిని గనిలోకి దిగలేని స్థితి వచ్చాక మా పత్రిక విభాగంలో చేరి, కోడ్ రాసి పుటలు కూర్చే విద్యను స్వయంకృషితో సాధించారు. పదవీ విరమణ పొందే ప్రతి కార్మికుడి ఫొటోనూ మూలలు గుండ్రంగా తిప్పి, అతని కథ సాగే పేరా పక్కనే మార్జిన్‌లో నిలబెట్టే నాలుగు వరుసల కోడ్ మన మాసపత్రికకు వారి కానుక.

పుట నడిమి భాగమంతా నాది, అంచు మాత్రమే వారిది. అయినా కాలనీలో ఏ ఇంటికి వెళ్లినా, కత్తెరతో కోసి అద్దం పక్కన అంటించిన ఆ అంచే నన్ను పలకరించేది. నా సమాసభూయిష్ట వాక్యాలు మిర్చి బజ్జీల నూనె పీల్చుకునేవి. ఇది అసూయ అని మిత్రులంటే కాదనలేను.

ఒకసారి ఆగయ్య గారు తల పక్కకు వంచి దిగిన ఫొటోలో మూల మరీ గుండ్రంగా తిరిగి, టోపీ మీది దీపం కోసుకుపోయింది. ఆయన భార్య పూలమ్మ గారు పత్రిక పట్టుకొని ఆఫీసుకు వచ్చారు.

"దీపం లేకుంట మనిషిని బొగ్గుబాయిలకు ఎట్ల తోలినవ్ సారూ?"

సదానందం గారు లేచి నిలబడ్డారు. "తప్పే అవ్వా. నేను గూడ దీపం కట్టుకొని దిగినోన్నే, నాకే సోయి లేకపాయె."

ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లముందే వంపు తగ్గించారు. దీపం తిరిగి వచ్చింది. పుట మళ్లీ అచ్చయింది. మరునాడు ఆమె సర్వపిండి కాల్చి తెచ్చి వారి చేతిలో పెట్టారు. నాకు దక్కింది అంచు ముక్క.

విరమించేవారికి వారి పుటను వీడ్కోలు సభ దాకా చూపకూడదన్నది మా ఆనవాయితీ. అందువల్ల సదానందం గారి ఫొటో పెట్టే భారం కొత్తగా చేరిన సంతోషిపై పడింది. వారి కోడ్ చేతిలో ఉన్నా, సరిచూడటానికి పెట్టిన పాత ఫొటో ఒకసారి నా వాక్యాల మీద పడుతుంది, మరోసారి పక్క పుటకు జారుతుంది. అచ్చుకు రేపే పంపాలి. పుట మొత్తం నాకే దక్కాలని ఇన్నేళ్లూ కోరుకున్నాను. ఇప్పుడు ఆ ఖాళీ అంచు వైపు చూడలేకపోతున్నాను.

శ్రీ సదానందం గారు వెన్నునొప్పి మరచి, షిఫ్టు సైరన్‌కు ఉలిక్కిపడని నిద్రతో, అర్ధాంగి సారవ్వ గారి తోడుతో ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

ఈ వాక్యం దాకా మా గదిలో అందరికీ చదివి వినిపించాను. ఫొటో ఇవ్వడానికి వచ్చిన సారవ్వ గారు చివరి వరకూ విని, కంప్యూటర్ తెరపై ఖాళీగా ఉన్న అంచు వైపు చూశారు.

"మంచిగనే రాసినవ్ తమ్మీ. పక్కన మా పెద్దమనిషి లేకపోతే గిది ఎవలు సదువుతరు?"