సీటు సందులో తలంబ్రాలు

హన్మకొండ షెడ్డులో మేస్త్రీ కారు వెనక సీటు ఎత్తి చూస్తుంటే, బట్టల సేటు తన కారు ధర కోసం ఆత్రంగా నిలబడ్డాడు.

“స్పెషల్ మోడలు. మీటరు చూడు, వెయ్యి మైళ్లు గూడ తిరగలే. వచ్చే నెల అమ్ముత, కొన్న రేటొస్తదా?”

“సగం గూడ రాదు సేటూ. మీటరు వైరు ఊడదీసి నడిపిండ్రు. బ్రేకు రబ్బరు నున్నగ అరిగింది.”

“తాళం మా తమ్ముని కాడనే ఉంటది. వాడు నా చేతుల మీద పెరిగిండు.”

“మరి సందుల ఇన్ని తలంబ్రాలెక్కడియి? పెండ్లిళ్లకు కిరాయికి తిప్పినట్టున్నరు. మీ ఇంట్ల లగ్గమేమన్న అయిందా?”

మేస్త్రీ అరచేతిలో పోసిన ఆ పసుపు బియ్యాన్ని సేటు వేలితో కదిపి చూశాడు.

“కాలే. వచ్చే నెల నా బిడ్డది, అదయినంకనే అమ్ముదామనుకున్న. ఈ కారెక్కే తొలి పెండ్లిపిల్ల అదే కావాలని, ఇన్నేండ్లు నేను గూడ ఆ సీటుల కూసోలే. ఆ సంగతి వానికొక్కనికే చెప్పిన.”